చెరువులో ఖాళీ ఎంత?

వానాకాలం నడిమిట్ల పెన్‌పహాడ్ మండలంలో ఏ ఊరికి పోయినా ఒకటే ముచ్చట: చెరువు ఎంతదాకా వచ్చింది, మత్తడి (అలుగు) ఎప్పుడు దుంకుతుంది. దుంకిందంటే పండగే. కట్ట మైసమ్మకు బోనం, కోడి, పిల్లలకు అలుగు కింద ఈతలు. యాసంగి వరికి భరోసా దొరికినట్టే. చెరువులో ఇంకా ఖాళీ ఎంత ఉందని మాత్రం ఎవరూ అడగరు. అడగాల్సిన అవసరం సాగు చేసుకునే మనిషికి లేదు కూడా. చిన్న మట్టికట్టలతో వరదను అదుపు చేయవచ్చని ప్రభుత్వాలూ ఇంజినీర్లూ పర్యావరణ ప్రేమికులూ చెప్పేటప్పుడు మాత్రం ముందు తేల్చాల్సింది ఆ ఖాళీ సంగతే.

పెన్‌పహాడ్ సూర్యాపేటకు దక్షిణాన, మూసీకి తూర్పు వైపున ఉంటుంది. ఒక దిక్కు కోదాడ, మరో దిక్కు మిర్యాలగూడ. ఈ మండలంలోని నాగులపహాడ్‌లో కాకతీయుల నాటి గుళ్లున్నాయి. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రిలో రేచర్ల రెడ్ల కాలంలో 1195లోనూ 1208లోనూ వెలసిన శివాలయాలున్నాయి. ఆ కాలపు శాసనాల్లో గుడికి ఇచ్చిన మాన్యం ఎక్కడుందో చెప్పేచోట చెరువు ప్రస్తావన తరచుగా తగులుతుంది. ఇప్పుడు మూసీ కాలువలు, శ్రీరామసాగర్ రెండో దశ కాలువలు, దక్షిణాన నాగార్జునసాగర్ ఎడమ కాలువ వచ్చి చేరాయి గానీ ఈ నేల ముందునుంచీ చెరువులది. చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలైనప్పుడు తెలంగాణ మొత్తం మీద లెక్కతేలిన చెరువులు, కుంటలు 46,531.

ఇన్ని కట్టలుండగా వరదకు భయమెందుకన్న ప్రశ్న సహజమే. జవాబు ఏమిటంటే, ఇవన్నీ నీళ్లు పట్టడానికి కట్టినవి. వరదను ఆపడం వేరే పని, చాలావరకు దీనికి ఎదురు పని. సాగుకు చెరువు నిండి ఉండాలి, వరదకు ఒట్టిపోయి ఉండాలి.

లెక్క వేసి చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. పది చదరపు కిలోమీటర్ల నేల మీది వాన వచ్చి చేరే ఊరి చెరువు ఒకటి అనుకుందాం. ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు కురిసింది. ఇది గాలిలో మేడ కాదు, 2024 సెప్టెంబర్ 1న హుజూర్‌నగర్ ప్రాంతంలో కురిసింది దాదాపు అంతే. అందులో 70 శాతం పారి వచ్చిందంటే 21 లక్షల ఘనపు మీటర్లు, అంటే సుమారు 74 ఎంసీఎఫ్‌టీలు (ఒక ఎంసీఎఫ్‌టీ పది లక్షల ఘనపుటడుగులు, వెయ్యి అయితే ఒక టీఎంసీ). టీఎంసీకి పదివేల ఎకరాలన్న మోటు లెక్కన చూస్తే వందెకరాల ఆయకట్టున్న చెరువు పట్టేది 10 ఎంసీఎఫ్‌టీలు. చెరువు నెర్రెలు బాసి ఉన్నా సరే, వచ్చినదాంట్లో ఏడో వంతు మింగి మిగతాది కిందికి వదలాల్సిందే. అప్పటికే నిండి ఉంటే ఆ ఏడో వంతు కూడా లేదు.

ఒక చిన్న మేలు మాత్రం మిగులుతుంది. మత్తడి మీద నీళ్లు పోతున్నప్పుడు చెరువు మట్టం కొంత లేస్తుంది. యాభై ఎకరాల నీటి పరపు మీద ఒక్క మీటరు లేచినా ఇంకో 7 ఎంసీఎఫ్‌టీలు కాసేపు ఆగుతాయి. వరద తల కొంచెం వంగి, కొన్ని గంటలు ఆలస్యంగా దిగువకు పోతుంది. పైచెరువు మత్తడి నీళ్లు కింది చెరువులోకి చేరే గొలుసుకట్టులో వరసగా పది చెరువులుంటే ఈ ఆలస్యాలన్నీ కలిసి కింది వాగుకు ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది. నిండిన చెరువు చేసే వరద నియంత్రణ అంతా ఇంతే. ఇది తక్కువేమీ కాదు. కానీ ఇది మత్తడి చేసే పని, కట్ట చేసే పని కాదు. కట్ట మీద పెట్టినంత దృష్టి మత్తడి మీద పెట్టకపోవడంలోనే మన చెరువుల తిప్పలు చాలావరకు ఉన్నాయి.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలతో పాటు ఆరు దోషాలను కూడా అందులో చెక్కించారు. కట్ట నుంచి నీరు కారడం ఒక దోషం, చవిటి నేల ఒక దోషం. నీళ్లు చాలక నేల ఎక్కువ కావడం ఒకటైతే, నేల చాలక నీళ్లు ఎక్కువ కావడం మరొకటి. ఆరున్నర శతాబ్దాల కింద ఎక్కువ నీటిని కూడా దోషాల పట్టీలో రాసుకున్నారు. ఇప్పటి ప్రాజెక్టు నివేదికల్లో ఆ పట్టింపు అంతగా కనిపించదు.

గొలుసుకట్టు మేలు చేస్తుందన్నది సగం నిజం. మిగతా సగం 1908లో హైదరాబాద్ చూసింది. ఆ ఏడు సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ఊడ్చేసింది, చనిపోయినవాళ్లు పదిహేను వేలని అంచనా. తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఎగువ నేలంతా పరిశీలించారు. 860 చదరపు మైళ్ల పరివాహకంలో 788 చెరువులున్నాయి, అంటే దాదాపు చదరపు మైలుకొకటి. ఆ వరదకు వాటిలో 221 తెగిపోయాయి. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడింది. పైచెరువు తెగితే దాని నీళ్లన్నీ ఒక్క తోపున కింది చెరువు మీద పడతాయి. అది తన వాన నీటికే సతమతమవుతున్నప్పుడు ఈ భారం ఎక్కడ తట్టుకుంటుంది? గొలుసుకు ఉన్న బలమే అక్కడ దాని బలహీనత అయింది.

విశ్వేశ్వరయ్య సూచించిన మందు చిన్న చెరువులు కాదు, నగరానికి ఎగువన రెండు పెద్ద జలాశయాలు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అట్లా వచ్చాయి. వరదను పట్టి నెమ్మదిగా వదలడం వాటి తొలి పని. నగరం వాటి నీళ్లు తాగడం మొదలుపెట్టాక అవి నిండి ఉండడమే అందరి కోరిక అయింది. ఇదే నది కిందికి వచ్చి సూర్యాపేట దగ్గర సోలిపేట వద్ద 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టులో ఆగుతుంది. 645 అడుగుల పూర్తి మట్టం, 4.46 టీఎంసీల నిల్వ. 2019 అక్టోబర్ 5న ఇక్కడ ఒక గేటు ఊడి కొట్టుకుపోయినప్పుడు జిల్లా అంతా గగ్గోలు పెట్టింది. నీళ్లు పోతున్నాయని. ఆ బాధలో న్యాయముంది. అయితే వరదకు చోటు లేకుండా పోతోందన్న దిగులుతో ఏ ఊళ్లోనూ ధర్నా జరిగిన దాఖలా ఉండదు.

మట్టికట్టకు నిలబడ్డ నీటి బరువంటే పెద్దగా భయం లేదు. నడుము దగ్గర రేగడి, పైన మొరం, నీటి వైపు రాతి కట్టడం ఉన్న కట్ట వందల ఏళ్లు నిలుస్తుంది. దానికి గిట్టనిది పారే నీరు. కట్ట అంతా ఒకే ఎత్తున ఉండదు. బండ్లు, ట్రాక్టర్లు ఎక్కి దిగే చోట, పశువులు తొక్కిన చోట ఒక జానెడు కుంగి ఉంటుంది. వరద మట్టం లేచినప్పుడు నీళ్లు ముందు అక్కడే పొర్లుతాయి. దిగువ వాలు మీద పడి పిడికిలంత గుంత చేస్తాయి. ఆ గుంత పైకి పాకుతుంది. ఒకసారి కట్ట శిఖరం చేరిందంటే గండి నిమిషాల్లో వెడల్పవుతుంది, ఇక బస్తాలతో ఆగదు.

రెండో చావు లోపలినుంచి వస్తుంది. ఎలుక బొరియ, ఎండ్రకాయ బొక్క, చచ్చిన సర్కారు తుమ్మ వేరు కుళ్లిపోయిన సందు, పాత తూము గోడ పక్కన వదులైన మట్టి, వీటిలో ఏదో ఒకటి చాలు. కట్ట వెనక బుంగ పడ్డప్పుడు తెలిసినవాళ్లు ముందు టార్చిలైటు వేసి చూసేది నీటి రంగు. తేటగా వస్తుంటే కొంత వ్యవధి ఉన్నట్టు. బురదగా వస్తుంటే కట్ట కడుపులో మట్టి కరిగి బయటికి వస్తున్నట్టు. అప్పుడు చాలామంది చేసే పని బుంగ నోట్లో గుడ్డలూ గడ్డీ కుక్కడం. అది తప్పు. నీరు ఇంకో దారి వెతుక్కుంటుంది. ఇసుక, కంకర పోసి, నోటి చుట్టూ బస్తాలు పేర్చి నీళ్లు కొంత ఎత్తున నిలిచేట్టు చేస్తే ఒత్తిడి తగ్గుతుంది, మట్టి లోపలే ఆగుతుంది. చెరువును కనిపెట్టుకుని ఉండే వెనుకటి నీరటికాండ్లకు ఈ విద్య చేతిలో ఉండేది.

ఇటీవలి గండ్లను వరసగా పెట్టి చూస్తే కారణాలు కొత్తవి కావని అర్థమవుతుంది. 2020 అక్టోబర్‌లో గగన్‌పహాడ్ దగ్గర అప్పచెరువు తెగి జాతీయ రహదారి మీదనే మనుషులు కొట్టుకుపోయారు. 2021 నవంబర్ 19న రాజంపేట దగ్గర చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట పోయింది. ఎగువన పింఛ ప్రాజెక్టు కట్ట తెగి ఆ నీళ్లు వచ్చి పడ్డాయి, ఇక్కడి ఐదు గేట్లలో ఒకటి అప్పటికే పనిచేయడం లేదు. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్లు తెల్లారేసరికి తుడిచిపెట్టుకుపోయాయి. 2024 జులై 18 రాత్రి అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు కట్టకు గండి పడింది. కట్ట తెలంగాణలో ఉంది, మునిగింది ఎక్కువగా ఆంధ్రప్రదేశ్‌లోని వేలేరుపాడు, కుక్కునూరు వైపు. రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టులో మరమ్మతు ఎవరి ఖర్చన్నది తేలేసరికి కట్టే లేకుండా పోయిందని అక్కడి రైతులు అనుకుంటే తప్పు పట్టలేం.

కడెం ప్రాజెక్టు కథ వేరు. 1958లో తెగింది, 1995లో మళ్లీ తెగింది. 2022 జులైలో అది పంపగలిగినదానికన్నా చాలా ఎక్కువగా, సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. కట్ట నిలబడింది. ఇంజినీర్లు, దిగువ ఊళ్లవాళ్లు అందరూ దేవుడి పేరే చెప్పారు. ప్రతి వానాకాలం ఆయన మీద ఆ భారం మోపడం న్యాయం కాదు.

అన్నమయ్య, పెద్దవాగు, మూసీ మూడింటిలోనూ గేట్లున్నాయి. ఊరి చెరువుకు లేవు. ఈ ఒక్క విషయంలో పాతకాలపు మత్తడి ఇప్పటి గేటుకన్నా నమ్మదగినది. కరెంటు పోయినా, ఆపరేటర్ సెలవులో ఉన్నా, తాడు తుప్పు పట్టినా రాతి మత్తడి తన పని చేస్తుంది. దాని చిక్కు ఒక్కటే, పొడవు. ఎప్పుడో ఎవరో చూసిన వానకు తగ్గట్టు కట్టినది అది. నిజాం రాజ్యంలో చీఫ్ ఇంజినీరుగా ఉన్న అలీ నవాజ్ జంగ్ పేరు మీద వరద ప్రవాహం లెక్కకట్టే సూత్రం ఒకటుంది, మద్రాసు వైపు రైవ్స్ సూత్రం. రెండూ పరివాహకం ఎంతుందో చూసి వరద ఎంత రావచ్చో చెబుతాయి. ఎగువన అడవి పోయి చేను వచ్చిందా, చేను పోయి వెంచర్లూ సిమెంటు రోడ్లూ వచ్చాయా అన్నది ఆ సూత్రంలో వేసే గుణకాన్ని ఎంచుకునే ఇంజినీరు చూసుకోవాలి. దేశీయ ప్రమాణాల ప్రకారం చిన్న డ్యాముకు వందేళ్లకోసారి వచ్చే వరదను తట్టుకునే శక్తి ఉండాలి. వందేళ్లకోసారి అంటే మన జన్మలో రాదని ధీమా పడకూడదు. ఏ ఏడైనా వచ్చే అవకాశం ఒక శాతం, యాభై ఏళ్లలో దాదాపు 40 శాతం. వంద చెరువులున్న ప్రాంతంలో సగటున ఏటా ఒకటి ఆ పరీక్షకు కూర్చుంటుంది.

ఖాళీ కోసమే కట్టిన చిన్న మట్టికట్టలు లోకంలో లేకపోలేదు. అమెరికాలో 1944 నాటి చట్టం కింద మొదలై, 1948లో ఓక్లహోమాలోని కార్డెల్ దగ్గర తొలి కట్ట లేచింది. 1954లో మరో చట్టం వచ్చాక పల్లెటూరి వాగుల మీద అట్లాంటివి దాదాపు పన్నెండు వేలు కట్టారు. మన చెరువుకూ వాటికీ తేడా తూములో ఉంది. మన తూము మూసి ఉంటుంది, రైతు అడిగితే తెరుస్తారు. అక్కడ కట్ట లోపల ఒక నిలువు గొట్టం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. దాని నోటికన్నా పైకి నీరు లేస్తే దానంతటదే బయటికి పోతుంది. అడుగున పశువులకు చాలేంత మడుగు మిగిలి, పైనున్న చోటంతా వరద కోసం ఖాళీగా ఉంటుంది. ఒహాయోలో 1913 వరద తర్వాత 1922 నాటికి కట్టిన ఐదు మట్టి ఆనకట్టలైతే మామూలు రోజుల్లో ఒట్టివే. గేట్లు లేవు, నది కింది కంతల గుండా తన దారిన పోతుంది, లోపలి నేలలో సాగు చేసుకుంటారు.

ఈ పద్ధతి ఇక్కడికి అతకదనుకోనక్కర్లేదు. చెరువు శిఖం భూమి చేసేది అదే పని. నీరు తగ్గినప్పుడు సాగు, పెరిగినప్పుడు ముంపు. శిఖం రైతుకూ ఆయకట్టు రైతుకూ తగాదా ఈ ఖాళీ దగ్గరే మొదలవుతుంది. ఒకరు మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చి రెండడుగులు ఎక్కువ నిలపాలని చూస్తారు, మరొకరు రాత్రికి రాత్రి మత్తడిని కొట్టేస్తారు. వరద దృష్టితో చూస్తే బస్తాలు పేర్చినవాడు చేసేదే ఎక్కువ ప్రమాదం. పోలీసు కేసు మాత్రం సాధారణంగా రెండోవాడి మీద పడుతుంది.

బస్తాలే కాదు, జాలీలు కూడా. చేపలు కిందికి పోకుండా మత్తడికి అడ్డంగా వల లేదా ఇనుప జాలీ కట్టడం మన చెరువుల మీద కొత్త కాదు. కొట్టుకొచ్చిన తుంగ, గుర్రపుడెక్క, ప్లాస్టిక్ దానికి అడ్డుపడితే ముప్పై మీటర్ల మత్తడి పది మీటర్ల పని కూడా చేయదు. 1889 మే 31న అమెరికాలోని జాన్స్‌టౌన్‌కు ఎగువన సౌత్‌ఫోర్క్ మట్టికట్ట తెగి 2,209 మంది చనిపోయారు. ఆ కట్ట ఒక సంపన్నుల క్లబ్బుది. చేపలు పోకుండా అలుగు దగ్గర పెట్టిన జాలీలకు చెత్త అడ్డుపడడం, కట్ట నడిమి భాగం కుంగి ఉండడం నాటి కారణాల్లో చేరాయి. మత్స్యకార సంఘాలతో మాట్లాడి వానాకాలం రెండు నెలలు జాలీలు తీయించడం కష్టమేమీ కాదు. పోయే చేపకు కొంత నష్టపరిహారం ఇచ్చినా తెగిన కట్ట ఖర్చులో అది లెక్కకు రాదు.

2015 మార్చి 12న సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయ ఈ కథలో పెద్ద మలుపే. పూడిక తీశారు, ఆ మట్టి చేలల్లోకి చేరింది, కట్టలు బలపరిచారు, తూములూ మత్తళ్లూ బాగుచేశారు. బావుల్లోనూ బోర్లలోనూ నీళ్లు పెరిగాయన్నది రైతులే చెప్పే మాట. వరద విషయంలో మాత్రం దాన్ని ఎక్కువ అంచనా వేయకూడదు. పూడిక తీస్తే పెరిగే చోటు అడుగున. తొలి వానకో కాలువ నీళ్లకో అది నిండిపోతుంది, ఆగస్టు ఆఖరున ముంచుకొచ్చే వరదకు మిగలదు. పైగా శ్రీరామసాగర్, సాగర్ కాలువలతో చెరువులు ముందే నింపుకుంటున్నాం. జూన్‌లో ఒట్టిపోయి ఉండే చెరువు ఒకప్పుడు తెలియకుండానే వరదను కొంత మింగేది. ఇప్పుడు నిండుకుండ మీద వాన పడుతోంది. కాలువ నీళ్లు వద్దనే మాట ఎవరూ అనలేరు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు చెరువుకు వచ్చే కాలువ కట్టేసి, తూములు ఎత్తి ఒక అడుగు దించుకునే పద్ధతి ఉండాలి. అడుగు దింపడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది కాబట్టి వాన మొదలయ్యాక కదిలితే లాభం లేదు.

2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో ఇవన్నీ ఒక్కసారే కనిపించాయి. ఖమ్మం జిల్లా కాకరవాయిలో ఒక్కరోజే 50 సెంటీమీటర్లు దాటింది. నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువ కట్టే తెగింది. అది కూడా మట్టికట్టే కదా. కేసముద్రం, ఇంటికన్నెల మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. కోదాడలో వరద వీధుల్లోకి వచ్చి ఇద్దరు చనిపోయారు. వాళ్లు పోయింది ఏ చెరువు నడుమనో కాదు, పట్నంలో, నీళ్లు తమ పాత దారి వెతుక్కుంటూ వచ్చిన చోట. మత్తడి దుంకిన నీరు వాగులో కలిసేదాకా ఒక కాలువ ఉండాలి. పాత నక్షాల్లో అది ఉంటుంది. నేల మీద చూస్తే కొంత పొలమైంది, కొంత ప్లాట్లయింది, కొంత రోడ్డు కింద ఒక్క సిమెంటు పైపుకు కుదించుకుపోయింది.

చట్టం ఈ కట్టల దాకా రాలేదు. 2021 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చిన ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లు దాటిన డ్యాములకు వర్తిస్తుంది, పది నుంచి పదిహేను మీటర్ల మధ్యవాటికి కొన్ని షరతులతో. ఊరి చెరువు కట్ట నాలుగైదు మీటర్లుంటే గొప్ప. కాబట్టి ఏటా తనిఖీలు, తెగితే ఎంతదూరం మునుగుతుందన్న పటాలు, అత్యవసర ప్రణాళికలు దీనికి లేవు. 1997 చట్టంతో వచ్చిన నీటి వినియోగదారుల సంఘాలు చాలాచోట్ల పేరుకే మిగిలాయి. నీరటి వృత్తి పోయింది. వాన పడుతున్న రాత్రి గొడుగు వేసుకుని కట్ట పొడవునా నడవాల్సింది ఎవరని అడిగితే నీటిపారుదల శాఖ పంచాయతీని, పంచాయతీ శాఖను చూపిస్తాయి. చివరికి నడిచేది కట్ట కింద పొలమున్న రైతే, అతనికి ఫోనులో ఎవరికి చెప్పాలో తెలియదు.

ఖర్చు లేని పని ఎండాకాలంలోనే ఉంది. కట్ట పొడవునా మట్టం తీసి కుంగిన చోటు పట్టుకోవడానికి ఒక సర్వేయరుకు ఒక పూట చాలు. కంప కొట్టడం, పూడిక తీయడం ఉపాధి హామీలో ఏటా చేస్తున్నదే. గట్టి చిక్కు మత్తడి కాలువ దగ్గర వస్తుంది. దాని హద్దు తేలాలంటే రెవెన్యూవాళ్లూ నీటిపారుదలవాళ్లూ ఒకే రోజు ఒకే చోట నిలబడాలి. కాలువలో పట్టణం పక్కన ప్లాట్లు చేసినవాళ్లు ఒక రకం, పల్లెలో దాన్ని దున్నుకుంటున్న ఎకరం, అరెకరం రైతులు మరో రకం. ఇద్దరికీ ఒకే నోటీసు పంపితే ముందు ఖాళీ అయ్యేది రెండోవాళ్ల మడే. వాళ్లకు పరిహారం ఎంత, ఏ పద్దు కింద అన్నది తేల్చకుండా కొలతల గొలుసు పట్టుకుని పోతే, ఏ ఊళ్లోనూ మొదటి హద్దురాయి కూడా పాతనివ్వరు.